టర్బో పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ కంటే ముందే మంట: కారణం పట్టుకోవడం, సరిచేయడం

చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉన్న కారు పై గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర వెళ్తుండగా యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా లోపలికి తొక్కితే, అరుదుగా ఒకే ఒక్క గట్టి శబ్దం ఠంగుమని వినిపిస్తుంది. మరుక్షణం అంతా మామూలే. చెక్ ఇంజిన్ లైటు కూడా వెలగకపోవచ్చు. చాలామంది దాన్ని నాకింగ్ కింద జమకట్టి, ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోయించి ఊరుకుంటారు. కానీ స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేయకముందే సిలిండర్‌లో మంట మొదలైందనడానికి ఆ శబ్దం గుర్తు అయ్యుండవచ్చు. తక్కువ వేగం, ఎక్కువ లోడ్ కలిసినప్పుడు వచ్చే ఈ ప్రీ-ఇగ్నిషన్‌కు ఎల్‌ఎస్‌పీఐ అని పేరు. పిస్టన్ పై అంచు చుట్టూ చేరిన ఆయిల్, పెట్రోల్ కలగలుపు మీద పెద్ద లోడ్ పడినప్పుడు ఇది పుడుతుంది. వెతకాల్సిందీ, సరిచేయాల్సిందీ అక్కడే.

ముందు మూడు జబ్బులను విడదీయాలి

నాకింగ్‌లో స్పార్క్ సమయానికే పడుతుంది, మంట మొదలై వ్యాపిస్తుంది. ఆ మంట చేరేలోపే చివర మిగిలిన మిశ్రమం ఒత్తిడికి, వేడికి తనంతట తానే అంటుకుంటుంది. శబ్దం టకటకమని వరుసగా వస్తుంది. నాక్ సెన్సార్ దాన్ని విని, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి జరిపితే తగ్గిపోతుంది.

రెండోది వేడి బిందువు వల్ల వచ్చే ప్రీ-ఇగ్నిషన్. స్పార్క్ ప్లగ్ కొన, ఎర్రగా కాలిన కార్బన్ ముక్క, ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు లాంటివి నిప్పుకణంలా మారి మిశ్రమాన్ని అంటిస్తాయి. ఇది ఎక్కువ ఆర్‌పీఎంలో, చాలాసేపు ఫుల్ లోడ్ మీద నడిపినప్పుడు వస్తుంది. మొదలైతే ప్రతి సైకిల్‌కూ (పిస్టన్ నాలుగు స్ట్రోకులు పూర్తిచేసే ఒక చుట్టు) మంట ఇంకాస్త ముందుకు జరుగుతూ పోతుంది, దానంతట అది ఆగదు. ప్లగ్ ఎలక్ట్రోడ్ కరుగుతుంది, పిస్టన్ తల నడిమికి చిల్లు పడుతుంది.

మూడోది మన విషయం. ఎల్‌ఎస్‌పీఐ సాధారణంగా సుమారు 1,200 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య, బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) బాగా ఉన్నప్పుడు వస్తుంది. వేల సైకిళ్లు సవ్యంగా నడిచి, ఏ హెచ్చరికా లేకుండా ఒక సైకిల్‌లో మంట ముందే అంటుకుంటుంది. తర్వాత ఒక మంచి సైకిల్, మళ్లీ ఒక చెడ్డ సైకిల్, ఇలా ఒకటి విడిచి ఒకటిగా కొన్ని జరిగి తనంతట తానే ఆగిపోవడం దీని ప్రత్యేకత. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట పెరిగిపోతుంది కాబట్టి మిగిలిన మిశ్రమమంతా ఒకేసారి పేలవచ్చు. దాన్ని సూపర్ నాక్ అంటారు. ఇలాంటి ఇంజిన్లలో మామూలు గరిష్ఠ ఒత్తిడి సుమారు 60 నుంచి 100 బార్ అయితే, సూపర్ నాక్‌లో అది 200 బార్ దాటగలదు. పిస్టన్‌లో రింగుల మధ్య ఉండే సన్నటి గోడలు ఆ దెబ్బకు విరుగుతాయి. ఒక్క దెబ్బ చాలు.

స్పార్క్‌ను వెనక్కి జరపడం ఇక్కడ ఎందుకు పనిచేయదో దీన్నిబట్టే తెలుస్తుంది. మంట స్పార్క్ కోసం ఆగలేదు కాబట్టి స్పార్క్ ఎప్పుడు పడినా ఆ సైకిల్‌లో తేడా ఉండదు. ఈసీయూ చేయగలిగిందల్లా బూస్ట్ తగ్గించడం, ఆ సిలిండర్‌కు ఇంధనం మార్చడం లేదా కాసేపు ఆపడం, వాల్వ్ టైమింగ్ మార్చడం. అవి కూడా మొదటి దెబ్బ పడిన తర్వాతే.

మీ ఇంజిన్ ప్రమాదపు జోన్‌లో ఉందా

దీనికి చిన్న లెక్క చాలు. ఇంజిన్ గరిష్ఠ టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని 0.1257తో గుణించి, ఇంజిన్ పరిమాణం ఎన్ని లీటర్లో దానితో భాగించండి. వచ్చేది పిస్టన్ మీద పనిచేసే సగటు ప్రభావ ఒత్తిడి, బార్లలో. 1.0 లీటర్ ఇంజిన్ 170 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే 21 బార్ దాటుతుంది. టర్బో లేని 1.5 లీటర్ ఇంజిన్ 145 న్యూటన్ మీటర్లు ఇస్తే సుమారు 12 బార్. టర్బో లేని ఇంజిన్లకు ఈ జబ్బు దాదాపు తెలియకపోవడానికి కారణం ఇదే. 15 బార్ పైకి వెళ్లే టార్క్ 2,000 ఆర్‌పీఎం లోపే అందుతోందంటే, అందులోనూ పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంటే, ఈ జాగ్రత్తలన్నీ మీకు వర్తిస్తాయి.

నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది

ప్రధానంగా రెండు దారులు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ తుంపర్లు కొంత సిలిండర్ గోడకు తగులుతాయి. గోడ మీది ఆయిల్ పొరలో ఆ పెట్రోల్ కలిసి పలచబడుతుంది. పిస్టన్ రింగులు దాన్ని పైకి గోకుతూ వెళ్తే, మొదటి రింగుకు పైన పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉన్న సన్నటి సందులో అది పోగవుతుంది. పలచబడిన ద్రవం గట్టిగా అంటిపెట్టుకుని ఉండదు. పిస్టన్ పైన దిశ మార్చుకునేటప్పుడు చుక్కగా విడిపోయి మిశ్రమంలోకి ఎగిరిపడుతుంది. ఇంజిన్ ఆయిల్‌లోని పొడవైన హైడ్రోకార్బన్లు పెట్రోల్ కంటే సులువుగా స్వయంగా అంటుకుంటాయి. బూస్ట్ వల్ల కంప్రెషన్ చివర ఒత్తిడి, వేడి ఎక్కువగా ఉన్నప్పుడు ఆ చుక్కే అగ్గిపుల్ల పనిచేస్తుంది.

రెండో దారి కార్బన్ పొరలది. పిస్టన్ తల మీద, ఇంజెక్టర్ కొన మీద, ఆ సందులోనే పేరుకున్న పొరల నుంచి పెచ్చు ఊడి గాలిలో తేలుతుంది. ఒక సైకిల్‌లో కాలి వేడెక్కి, ఎగ్జాస్ట్‌తో బయటికి పోకుండా మిగిలిపోతే తర్వాతి సైకిల్‌ను ముందే అంటిస్తుంది. ఒక సూపర్ నాక్ ఇచ్చే కుదుపుకే మరిన్ని పెచ్చులు, చుక్కలు ఊడతాయి. దెబ్బలు గుంపులుగా, ఒకటి విడిచి ఒకటిగా రావడానికి ఇది సరిపోయే వివరణ.

ఆర్‌పీఎం ఎక్కువగా ఉంటే ఇది ఎందుకు తగ్గుతుందంటే, మిశ్రమం వేడిలో ఉండే సమయం తగ్గిపోతుంది. చుక్క ఆవిరై అంటుకునేందుకు వ్యవధి దొరకదు. 1,500 ఆర్‌పీఎంలో ఒక్కో స్ట్రోక్‌కు 20 మిల్లీసెకన్లు ఉంటుంది, 3,000లో 10 మాత్రమే.

ఆయిల్: అన్నిటికంటే ముందు మార్చాల్సింది

యజమాని చేతిలో ఉన్న పనుల్లో ఇంత ఫలితం ఇచ్చేది మరొకటి లేదు. అందుకే దీని గురించి కాస్త వివరంగా తెలుసుకోవాలి.

ఇంజిన్ ఆయిల్‌లో ఆమ్లాలను అణచి పిస్టన్‌ను శుభ్రంగా ఉంచేందుకు డిటర్జెంట్ కలుపుతారు. చాలా ఏళ్లు ఆ పని ప్రధానంగా కాల్షియం సమ్మేళనాలే చేశాయి. కాల్షియం ఎక్కువైన కొద్దీ ఎల్‌ఎస్‌పీఐ పెరుగుతుందని ఇంజిన్ పరీక్షల్లో పదేపదే తేలింది. సోడియం కూడా అటువైపే. మెగ్నీషియం డిటర్జెంట్‌తో ఆ పెరుగుదల లేదు. అరుగుదలను ఆపే జింక్, ఫాస్ఫరస్ సమ్మేళనం జడ్‌డీడీపీ, ఘర్షణ తగ్గించే మాలిబ్డినం సమ్మేళనం అయితే దాన్ని తగ్గిస్తాయి. అలాగని జడ్‌డీడీపీని ఇష్టం వచ్చినంత పోయడానికి లేదు, ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే ఐఎల్‌శాక్ (కార్ల కంపెనీలు కలిసి పెట్టిన ఆయిల్ ప్రమాణాల సంస్థ) ప్రమాణంలోని ఆయిళ్లలో ఫాస్ఫరస్ 600 నుంచి 800 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) మధ్య ఉండాలని హద్దు పెట్టారు. కాబట్టి కంపెనీలు కాల్షియంలో కొంత భాగాన్ని మెగ్నీషియంతో మార్చే దారి పట్టాయి. పాత తరం ఆయిల్ ల్యాబ్ రిపోర్టులో కాల్షియం 2,000 పీపీఎం పైన కనిపించడం మామూలు. కొత్త తరంలో అది బాగా తగ్గి, పక్కన కొన్ని వందల పీపీఎం మెగ్నీషియం కనిపిస్తుంది.

డబ్బా మీద చూడాల్సింది కేవలం 5డబ్ల్యూ-30 లాంటి గ్రేడ్ కాదు. గ్రేడ్ చిక్కదనం గురించి మాత్రమే చెబుతుంది, ప్రీ-ఇగ్నిషన్ గురించి ఏమీ చెప్పదు. ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తులో ఉన్న అక్షరాలు చదవండి. ఎస్‌ఎన్ అని మాత్రమే ఉంటే ఆ ఆయిల్‌కు ఎల్‌ఎస్‌పీఐ పరీక్ష లేదు. 2018 మే 1న వచ్చిన ఎస్‌ఎన్ ప్లస్‌తో ఎల్‌ఎస్‌పీఐ పరీక్ష చేరింది. 2020 మే 1 నుంచి ఎస్‌పీ, దానితోపాటు ఐఎల్‌శాక్ జీఎఫ్-6 వచ్చాయి. 2025లో ఎస్‌క్యూ, జీఎఫ్-7 వచ్చాయి. ఈ చివరి రెండింటిలో వాడి పాతబడిన ఆయిల్‌తోనూ ఎల్‌ఎస్‌పీఐ పరీక్ష ఉంటుంది. నా దృష్టిలో అసలు ముఖ్యమైన మార్పు ఇదే, ఎందుకంటే రోడ్డు మీద తిరిగే ఇంజిన్లలో ఉండేది ఎప్పుడూ పాతబడుతున్న ఆయిలే. యూరప్ కార్ల మాన్యువల్ ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ప్రమాణం అడిగితే, 2021లో వచ్చిన సీ6, ఏ7/బీ7 వర్గాల్లో ఎల్‌ఎస్‌పీఐ పరీక్ష ఉంది. జనరల్ మోటార్స్ వారి డెక్సాస్ 1 రెండో తరంలో కూడా ఉంది.

ఏపీఐ ప్రమాణాల్లోని ఆ పరీక్ష పేరు సీక్వెన్స్ 9. ఫోర్డ్ 2.0 లీటర్ ఎకోబూస్ట్ ఇంజిన్‌ను 1,750 ఆర్‌పీఎం, 269 న్యూటన్ మీటర్ల లోడ్ మీద 1,75,000 సైకిళ్ల చొప్పున నాలుగు విడతలు నడుపుతారు. విడతకు సగటున 5 కంటే ఎక్కువ ముందస్తు మంటలు రాకూడదు. ఇందులో ఒక విషయం గమనించాలి. పాసైన ఆయిల్ అంటే అసలు ఎల్‌ఎస్‌పీఐ రానే రాని ఆయిల్ అని అర్థం కాదు, అది బాగా అరుదైందని మాత్రమే. కాబట్టి మంచి ఆయిల్ పోసి మిగతావన్నీ వదిలేయడం కుదరదు.

మార్చేటప్పుడు ఇంజిన్ వేడిగా ఉండగానే ఆయిల్ దింపండి, ఫిల్టర్ తప్పకుండా మార్చండి. డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్యలో, పై గీతకు కాస్త కిందుగా నింపండి. పై గీత దాటితే క్రాంక్ షాఫ్ట్ తాకిడికి నురగ, తుంపర పెరిగి ఆ తుంపర గాలి దారిలోకి పోతుంది. డీజిల్ లారీలకు తయారుచేసిన ఆయిల్, "ఇంజిన్ క్లీనర్" పేరుతో ఆయిల్‌లో కలపమనే డిటర్జెంట్ సీసాలు ఈ ఇంజిన్‌లో వద్దు. వాటిలో కాల్షియం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పైగా పరీక్ష పాసైన ఫార్ములాలో ఏది కలిపినా ఆ ఫలితం ఇక దానికి వర్తించదు.

మార్చే గడువు విషయంలో మాన్యువల్‌లో "కఠిన పరిస్థితులు" అని రాసిన పట్టికను పాటించండి. ఇంజిన్ వేడెక్కకముందే ఆగిపోయే చిన్న ప్రయాణాలు, ట్రాఫిక్, ఎక్కుడు దారులు, బరువు లాగడం అన్నీ అందులోకి వస్తాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో ఆయిల్‌లోకి పెట్రోల్ దిగుతూనే ఉంటుంది. మార్పిడికి ముందే ఆయిల్ మట్టం పెరుగుతూ, డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోల్ తెలుస్తుంటే, గడువు కోసం ఆగకండి. ల్యాబ్‌కు పంపితే పెట్రోల్ శాతం, చిక్కదనం, కాల్షియం అన్నీ ఒకే రిపోర్టులో వస్తాయి. 5 శాతం దాటిన పెట్రోల్‌ను హెచ్చరికగా తీసుకోవాలి.

పెట్రోల్, ఇంజెక్టర్లు, చల్లటి ఇంజిన్

ఆక్టేన్ గురించి స్పష్టంగా చెప్పుకోవాలి. ముందు అంటుకునేది ఆయిల్ చుక్క లేదా కార్బన్ పెచ్చు కాబట్టి, ఆక్టేన్ పెంచినంత మాత్రాన ఎల్‌ఎస్‌పీఐ ఎన్నిసార్లు వస్తుందన్నది పెద్దగా మారదు. అయితే ముందే అంటుకున్న ప్రతి సైకిల్ సూపర్ నాక్ అవ్వదు. చివర మిగిలిన మిశ్రమం తట్టుకుంటే దెబ్బ చిన్నదవుతుంది, ఆక్టేన్ అక్కడ పనికొస్తుంది. మాన్యువల్ చెప్పినదానికంటే తక్కువ ఎప్పుడూ పోయకండి. ఎక్కువ పోస్తే జబ్బు పోయిందని అనుకోకండి. లోహ సమ్మేళనాలున్న ఆక్టేన్ బూస్టర్లు ప్లగ్ మీద పొరలు కడతాయి, అవి అసలు వద్దు.

ఆక్టేన్ కంటే పెట్రోల్‌లో త్వరగా ఆవిరవని బరువైన భాగం ఎక్కువ చెడు చేస్తుంది, ముఖ్యంగా ఎక్కువ ఉష్ణోగ్రతలో మరిగే ఆరోమాటిక్ సమ్మేళనాలు. అవి గోడ మీదే మిగిలి ఆయిల్‌తో కలుస్తాయి, కాలినా మసి ఎక్కువ వదులుతాయి. వాడకందారు దీన్ని కొలవలేడు. చేయగలిగిందల్లా కొనుగోళ్లు బాగా సాగే, ట్యాంకులో సరుకు పాతబడని బంకును ఎంచుకోవడం, నెలల తరబడి నిలిచిన పెట్రోల్ మీద ఫుల్ లోడ్ పెట్టకపోవడం.

ఇంజెక్టర్ కొన మీద కార్బన్ పేరుకుంటే చిమ్మే తీరు వంకరపోతుంది, తుంపర్లు పెద్దవవుతాయి, గోడకు ఎక్కువగా తగులుతాయి. పీఈఏ, అంటే పాలీఈథర్ అమీన్, ఉన్న ఇంధన క్లీనర్‌ను సీసా మీది మోతాదు ప్రకారం ట్యాంకులో పోస్తే ఇంజెక్టర్ కొనను కొంతవరకు శుభ్రం చేస్తుంది. అది ఇన్‌టేక్ వాల్వ్‌ను చేరదు, డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ వాల్వ్ మీద పడదు కదా. క్లీనర్ వాడే ట్యాంకును ఆయిల్ మార్పిడికి ముందు ఖర్చు చేయడం మంచి పద్ధతి, ఎందుకంటే ఆ రసాయనం కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. ఇన్‌టేక్‌లో స్ప్రే కొట్టి కార్బన్ దింపే పద్ధతి పట్ల జాగ్రత్త అవసరం. మెత్తబడిన పెచ్చులు సిలిండర్‌లోకే పోతాయి. వాల్వ్‌ల మీద మందంగా పేరుకుంటే మానిఫోల్డ్ విప్పి, వాల్వ్ మూసి ఉన్న స్థితిలో వాల్‌నట్ పెంకుల పొడితో చిమ్మించి శుభ్రం చేయడమే నమ్మదగిన దారి.

ఇక కూలెంట్. ఇంజిన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం ఇక్కడ తిరగబడుతుంది. గోడ చల్లగా ఉంటే దాని మీద పడిన పెట్రోల్ ఆవిరవదు, ఆయిల్‌లో కలుస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిన ఇంజిన్‌లో ఎల్‌ఎస్‌పీఐ అవకాశం పెరుగుతుంది. స్కాన్ టూల్ పెట్టి, నడుస్తున్నప్పుడు కూలెంట్ ఉష్ణోగ్రత మాన్యువల్‌లో ఉన్న స్థాయికి చేరి అక్కడే నిలుస్తోందో లేదో చూడండి. హైవే మీద పడిపోతుంటే, లేదా పీ0128 కోడ్ ఉంటే థర్మోస్టాట్ మార్చండి. చల్లగా నడవాలని తక్కువ ఉష్ణోగ్రత థర్మోస్టాట్ బిగించడం ఈ ఇంజిన్లకు మేలు చేయదు.

గాలి దారిలోకి వచ్చే ఆయిల్

క్రాంక్ కేసు నుంచి వచ్చే ఆవిరిని పీసీవీ వాల్వ్ ఇన్‌టేక్‌లోకి పంపుతుంది. దాని డయాఫ్రం చిరిగినా, ఆయిల్‌ను వేరుచేసే గది మూసుకుపోయినా తుంపర నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత దగ్గర మానోమీటర్ పెట్టి కొలిస్తే స్వల్పంగా వ్యాక్యూమ్ ఉండాలి, విలువ మాన్యువల్‌లో ఉంటుంది. బయటికి నెట్టే ఒత్తిడి కనిపిస్తే పీసీవీ ఇరుక్కుందని లేదా రింగులు అరిగాయని అర్థం.

ఇంటర్‌కూలర్ కింది పైపు విప్పి చూడండి. లోపల సన్నటి ఆయిల్ పొర మామూలే. నిలిచిన ఆయిల్ ఉంటే తుడిచి మళ్లీ బిగించడం సరిపోదు, పీసీవీనా టర్బో సీలా అని తేల్చాలి. టర్బోకు ముందు పైపు పొడిగా, తర్వాత పైపు తడిగా ఉంటే టర్బో వైపు అనుమానించండి. టర్బో ఆయిల్ వెనక్కి దిగే గొట్టం మూసుకుపోయినా సీలు కారినట్టే కనిపిస్తుంది, కాబట్టి టర్బో మార్చేముందు ఆ గొట్టం చూడండి.

తనిఖీ చేసే క్రమం

ఇంజిన్ విప్పకుండా తేల్చగలిగినవి ముందు చేయాలి. మొదట ఈసీయూలో దాచిన కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలోని రీడింగులు) చదివి రాసుకోండి, చెరపకండి. పీ0300 నుంచి మొదలయ్యే మిస్‌ఫైర్ కోడ్, దానితో పాటు ఆర్‌పీఎం 2,500 లోపు, లోడ్ 80 శాతం పైన ఉంటే అనుమానం బలపడుతుంది. పీ0325 ఉంటే నాక్ సెన్సార్ వైరింగే పోయి ఉండవచ్చు, ఇంజిన్‌కు చెవులు లేనట్టే. సెన్సార్ బోల్టు టార్క్ తప్పినా రీడింగ్ తప్పుతుంది. కొన్ని కంపెనీల సొంత స్కాన్ టూల్‌లో సిలిండర్ వారీగా ప్రీ-ఇగ్నిషన్ లెక్క కనిపిస్తుంది, ఉంటే అదే నేరుగా సాక్ష్యం. లేకపోతే నాక్ రిటార్డ్ (స్పార్క్‌ను వెనక్కి జరిపిన డిగ్రీలు) గ్రాఫ్ చూడండి. ఎల్లప్పుడూ కొన్ని డిగ్రీల రిటార్డ్ ఉంటే మామూలు నాకింగ్. సున్నా దగ్గర నడుస్తూ ఒక్కచోట నిట్టనిలువుగా ఎగిసి, వెంటనే బూస్ట్ పడిపోతే ఎల్‌ఎస్‌పీఐ వైపు చూడండి. రికార్డు చేయడానికని కావాలనే 1,500 ఆర్‌పీఎంలో ఫుల్ యాక్సిలరేటర్ తొక్కే పరీక్ష మాత్రం చేయకండి. పరీక్షలోనే పిస్టన్ పోవచ్చు.

తర్వాత ఇంధన ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని పెంచే, తగ్గించే శాతం) చూడండి. ఐడిల్‌లో మైనస్ 10 శాతానికి మించి ఉంటే ఇంజెక్టర్ కారుతుండవచ్చు, లేదా ఆయిల్‌లోని పెట్రోల్ ఆవిరి పీసీవీ గుండా వస్తుండవచ్చు. ఇంజిన్ ఆపాక రైలు (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టం) ఒత్తిడి త్వరగా పడిపోవడం కూడా కారుడుకు గుర్తు.

ఆపైన ప్లగ్‌లు తీసి సిలిండర్ వరుసలో పేర్చండి. పింగాణీ కొన పగిలి ఉంటే, దాని మీద వెండి రంగు చిన్న చుక్కలు ఉంటే గట్టి దెబ్బలు తగిలాయి, ఆ చుక్కలు పిస్టన్ అల్యూమినియం. ఎలక్ట్రోడ్ కరిగి గుండ్రబడితే వేడి బిందువు కేసు, ప్లగ్ హీట్ రేంజ్ (వేడిని వదిలే సామర్థ్యం) తప్పు అయ్యుండవచ్చు. ప్లగ్ కొన సుమారు 500 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేయాలి. 500 లోపయితే మసి కాలదు, మరీ మించితే తానే నిప్పంటిస్తుంది. కంపెనీ చెప్పిన హీట్ రేంజ్, గ్యాప్ పాటించండి. వాషరున్న 12 మిల్లీమీటర్ల ప్లగ్‌కు 15 నుంచి 20, 14 మిల్లీమీటర్లదానికి 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల టార్క్ సాధారణం, మాన్యువల్‌లో వేరే విలువ ఉంటే అదే లెక్క. వదులుగా ఉన్న ప్లగ్ వేడిని హెడ్‌కు అందించలేక కొన కాలుతుంది.

ప్లగ్ రంధ్రం గుండా బోర్‌స్కోప్ (సన్నటి కెమెరా) దించి పిస్టన్ అంచు చుట్టూ తిప్పి చూడండి. తల మధ్యలో నల్లటి పొర ఉండి అంచు ఒకవైపు కడిగినట్టు మెరుస్తుంటే అటువైపు పెట్రోల్ లేదా ఆయిల్ తగులుతోంది. అంచు ముక్క ఊడటం, గోడ మీద నిలువు గీతలు కనిపిస్తే ఇక విప్పాల్సిందే. చివరగా కంప్రెషన్, లీక్‌డౌన్ (సిలిండర్‌లోకి గాలి నింపి ఎంత కారుతోందో చూడటం) పరీక్షలు. సిలిండర్ల మధ్య కంప్రెషన్ తేడా 10 నుంచి 15 శాతం లోపు ఉండాలి. లీక్‌డౌన్ 20 శాతం దాటి, ఆయిల్ మూత దగ్గర గాలి బుసకొడితే రింగు గోడ విరిగిందన్న అనుమానం సరైనదే.

ఇంజెక్టర్ విప్పాల్సి వస్తే ఒక హెచ్చరిక: రైలులో 200 బార్, కొన్ని ఇంజిన్లలో 350 బార్ వరకు ఒత్తిడి ఉంటుంది. మాన్యువల్ చెప్పిన పద్ధతిలో ఒత్తిడి దింపి, స్కాన్ టూల్‌లో చూసి నిర్ధారించుకున్నాకే నట్టు ముట్టుకోండి. ఇంజెక్టర్ కొన చుట్టూ ఉండే టెఫ్లాన్ సీలు ప్రతిసారీ కొత్తది వేయాలి. చాలా ఇంజిన్లలో హై ప్రెషర్ పైపు కూడా ఒకసారే వాడాలి.

నడిపే తీరు

ఇంజిన్ ముక్కుతూ లాగే స్థితిని రానివ్వకపోవడమే సూత్రం. 2,000 ఆర్‌పీఎం లోపు ఉండగా వేగం కావాలంటే ముందు గేరు దించండి, 2,500 దాటాక యాక్సిలరేటర్ లోతుగా తొక్కండి. తక్కువ ఆర్‌పీఎంలో మెల్లగా, సగం లోపు తొక్కి నడపడంలో తప్పేమీ లేదు, ప్రమాదం బూస్ట్ నిండుగా ఉన్నప్పుడే. ఆటోమేటిక్‌లో గేర్‌బాక్స్ మైలేజీ కోసం పై గేరునే పట్టుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు స్పోర్ట్ మోడ్ లేదా మాన్యువల్ మోడ్ పెట్టండి. క్రూజ్ కంట్రోల్‌ను ఎక్కుడు దారుల్లో ఆపేయండి. అది వేగం నిలపడానికి అదే గేరులో బూస్ట్ పెంచుతూ పోతుంది, డ్రైవరుకు తెలియకుండానే ఇంజిన్ ప్రమాదపు జోన్‌లో నిమిషాల తరబడి ఉంటుంది.

ఠంగుమన్న శబ్దం వినిపిస్తే వెంటనే యాక్సిలరేటర్ వదిలి, గేరు దించి నెమ్మదిగా సాగండి. ఐడిల్‌లో వణుకు మొదలైతే లేదా చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే ఆపేయండి. ఆ మిణుకు మిస్‌ఫైర్‌కు గుర్తు, కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి దాన్ని కాల్చేస్తుంది.

ఈసీయూ సాఫ్ట్‌వేర్

ఇంజెక్షన్‌ను రెండు మూడు విడతలుగా పంచి గోడ తడవకుండా చేయడం, తక్కువ ఆర్‌పీఎంలో టార్క్‌ను కత్తిరించడం లాంటి మార్పులతో కార్ల కంపెనీలు అప్‌డేట్లు ఇస్తుంటాయి. మీ ఇంజిన్‌కు ఏదైనా ఉందేమో సర్వీసు సెంటర్‌లో ఛాసిస్ నంబరు చెప్పి అడగండి. బయట రీమ్యాప్ (ఈసీయూ సెట్టింగులు మార్చడం) చేయించి ఉంటే, 2,500 ఆర్‌పీఎం లోపు టార్క్‌ను కంపెనీ స్థాయికి దించమని ట్యూనర్‌తో చెప్పండి. కింది ఆర్‌పీఎంలోనే టార్క్ గుమ్మరించే మ్యాప్ నడపడానికి హాయిగా ఉంటుంది, పిస్టన్ దానికి మూల్యం చెల్లిస్తుంది. స్పార్క్ వెనక్కి జరిపాం, ఇక భయం లేదని ట్యూనర్ అంటే ఆయన నాకింగ్ గురించి మాట్లాడుతున్నట్టు లెక్క.

పిస్టన్ విరిగాక

రింగు గోడ విరిగిన ఒక్క పిస్టన్‌ను మార్చి మూసేస్తే పని సగమే అయినట్టు. అదే దెబ్బకు కనెక్టింగ్ రాడ్ వంగి ఉండవచ్చు. సిలిండర్ల మధ్య పిస్టన్ పైకి వచ్చే ఎత్తు డయల్ గేజ్‌తో పోల్చితే తేడా పట్టుబడుతుంది. రాడ్ బేరింగ్ పై సగం నలిగిందేమో, హెడ్ గాస్కెట్ అంచు చెదిరిందేమో చూడండి. బోరు వ్యాసం పైన, మధ్యలో, కింద రెండు దిశల్లో కొలవండి. విరిగిన రింగు ముక్కలు ఎగ్జాస్ట్ గుండా పోయి టర్బైన్ చక్రం రెక్కలను కొడతాయి. టర్బో విప్పి రెక్కల అంచులు చూడకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ఇంటర్‌కూలర్‌లో పాత ఆయిల్ ఉంటే కడిగి ఆరబెట్టండి, లేకపోతే కొత్త పిస్టన్ మీద మొదటి రోజే అది పడుతుంది.

మిగతా సిలిండర్లలోని ఇంజెక్టర్లతో పోలుస్తూ, విరిగిన సిలిండర్‌లోని ఇంజెక్టర్‌ను టెస్ట్ బెంచ్ మీద చిమ్మించి చూడాలి. ఒకే సిలిండర్ దెబ్బతినడం ఎక్కువగా ఆ ఇంజెక్టర్ వైపే వేలు చూపుతుంది. బిగించాక ఎస్‌పీ లేదా ఎస్‌క్యూ ఆయిల్ పోసి, రింగులు కుదురుకునే దశలో ఆర్‌పీఎం మారుస్తూ మధ్యస్థ లోడ్ మీద నడపండి. సుమారు 1,000 కిలోమీటర్లకు ఆ ఆయిల్ దింపి ఫిల్టర్ కోసి మడతల్లో లోహపు ముక్కలున్నాయేమో చూడండి, ఒక నమూనా ల్యాబ్‌కు పంపండి. పెట్రోల్ శాతం అప్పటికే ఎక్కువగా వస్తే ఇంజెక్టర్, థర్మోస్టాట్ తనిఖీని మళ్లీ మొదటి నుంచి చేయాలి.